ఓటర్ల లిస్టులో ఇంటాయన పేరు

ఎడపల్లి స్టేషన్‌కు బోధన్ బండి ఏడూ నలభైకి రావాలి. ఎనిమిదికి ముందు అది వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. అయినా నేను ఆరున్నరకే వెళ్లి సిమెంటు బల్ల మీద కూర్చుంటాను. బండి తప్పిపోతే ఏమవుతుందా అని ఇంట్లో కూర్చుని ఆలోచించడం కంటే, వస్తుందో రాదో అని స్టేషన్‌లో కూర్చుని ఆలోచించడం నయం. బోధన్‌లో ఆడపిల్లల బడిలో ఆయాగా కుదిరి తొమ్మిదేళ్లయింది. పోయిన ఏడు ప్రత్యేక తెలంగాణ గొడవల్లో బండ్లు నిలిచిపోయిన రోజులు తీసేస్తే, నా వల్ల పని తప్పిన రోజు ఒక్కటీ లేదు.

ఆ రోజు ఆరుకే వచ్చాను. మాఘమాసపు చలి. చెరుకు సీజన్ కాబట్టి ఫ్యాక్టరీ వైపు నుంచి మాడిన పాకం వాసన మంచుతో కలిసి కిందికి దిగుతోంది. రవికెలో రెండు తెల్ల కాగితాలు మడిచి పెట్టుకున్నాను. అవి నలిగిపోతాయేమోనని ఒకసారి, జారిపోయాయేమోనని ఒకసారి తడిమి చూసుకుంటూ కూర్చున్నాను. పంచాయతీ ఓటర్ల లిస్టులో తప్పులుంటే బోధన్ తాలూకా కచేరీలో దరఖాస్తు ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. నా పేరు పక్కన తప్పు పడింది. నన్ను ఇంకొకాయన భార్యగా రాశారు.

నవ్వొచ్చే సంగతే. ఊరంతా నవ్వింది కూడా. పంచాయతీ గోడకు ఆ లిస్టు అంటించినప్పుడు చదివి వినిపించింది నేనే. చదువొచ్చిన మగవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు గాని, వాళ్లు తమ పేరు చూసుకుని వెళ్లిపోతారు. ఆడవాళ్లంతా నన్ను పట్టుకున్నారు. నా పేరు సూడు, మా అత్త పేరు సూడు, చచ్చిపోయినామె పేరు ఇంకా ఉందేమో సూడు అని చుట్టూ మూగారు. వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుతూ వచ్చాను. నూట పద్నాలుగో నెంబరు దగ్గర నా బుద్ధి కంటే నా నోరు ముందు పోయింది. "ఎల్లవ్వ, భర్త నర్సింలు." దాని కింద నూట పదిహేను. "సాయవ్వ, భర్త నర్సింలు."

నర్సింలు నాకు మరిది. మా ఇంటాయనకు చిన్నాయన కొడుకు. సాయవ్వ అతని భార్య, నాకు యారాలు. ఆ పూట నా పక్కనే నిలబడి వింటోంది.  అందరి కంటే ముందు సాయవ్వే నవ్వింది.

"గిన్నేండ్ల నుంచి నాకు ఎర్కనే లేదు సవతీ" అంది.

ఆ రోజు నుంచి ఆడవాళ్లు నన్ను చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు.

తప్పు ఎట్లా జరిగిందో నాకు తెలుసు. ఆరేళ్ల కింద ఒక ఆదివారం కొత్త పంతులు ఒకాయన పేర్లు రాసుకుంటూ ఇంటింటికీ తిరిగాడు. మాలో ఆడది మొగుడి పేరు నోట పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. కాగితాల వాళ్లు వచ్చినప్పుడు మన ఇంటాయన పేరు పక్కింటామె చెబుతుంది, ఆమె ఇంటాయన పేరు మనం చెబుతాం. ఆ రోజు వాడ వాడంతా చెరుకు కొట్టడానికి పోయింది. నేనొక్కదాన్నే జ్వరంతో గడపలో కూర్చుని ఉన్నాను. పంతులు అడిగాడు. నేను లింబాద్రి గుట్ట ఉన్న దిక్కుకు చెయ్యి చూపించాను. ఆ గుట్ట మీద ఉన్నది నరసింహస్వామి. పంతులు తెలివైనవాడే. "నర్సింలా?" అన్నాడు. సగం సరిపోయింది కాబట్టి సగం తల ఊపాను. మిగతా సగం అడుగుతాడని చూస్తుండగానే అతను రాసుకుని పక్కింటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఓట్లకు పోయినప్పుడు లోపల కూర్చున్నది తెలిసిన మొహాలే కాబట్టి ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

ఈసారి అట్లా కాదు. నర్సింలే మా వార్డుకు మెంబరుగా నిలబడుతున్నాడు. అవతల ముత్తన్న నిలబడుతున్నాడు. ముత్తన్న మనుషులు నన్ను పిలిచి, దరఖాస్తు మేమే రాసిపెడతాం, వేలిముద్ర వేస్తే చాలన్నారు. చదివి చూస్తే, దొంగ ఓటు కోసం నర్సింలు రెండో పెళ్లాన్ని రాయించుకున్నాడని ఉంది. ఆ కాగితం అక్కడే వదిలేసి వచ్చాను. నర్సింలేమో దరఖాస్తే వద్దన్నాడు. కదిలిస్తే ఉన్న పేరు కూడా కొట్టేస్తారట. లిస్టులో ఏముంటే ఏం, నువ్వెవరో ఊరికి తెలియదా అన్నాడు. ఆ మాట నిజమే. పేరు కొట్టేస్తారేమోనన్న భయమూ నాకు నిజంగానే పట్టుకుంది. రెండు రోజులు అన్నం సయించలేదు.

కాని ఇంకొక సంగతి ఉంది. మా ఇంటాయన పేరు మీద భూమి లేదు, ఇల్లు లేదు. ఫ్యాక్టరీ యార్డులో చెరుకు బండ్లు దింపే పని ఆయనది. పర్మినెంటు కాదు కాబట్టి అక్కడి పుస్తకాల్లోనూ ఆయన పేరు ఉండదు. తెలంగాణ, ఆంధ్ర ఒకటైన ఏడు, సీజన్ అయిపోయాక, వానలకు ముందు, బొంబాయి మిల్లుల్లో పని ఉందని ఇదే స్టేషన్‌లో బండెక్కాడు. పద్నాలుగేళ్లు కావస్తోంది. ఆయన అనే మనిషి ఒకడు ఉన్నాడని చెప్పే చోటు నా పేరు పక్కన ఆ జాగా ఒక్కటే. అందులో ఇంకొకరు వచ్చి కూర్చున్నారు.

సాయవ్వ ఏడున్నరకు కూరగాయల గంపతో వచ్చింది. బోధన్ అంగట్లో పాలకూర, మెంతికూర అమ్ముతుంది. గంప దింపి నా పక్కన కూర్చుని, నా మొహం చూసి, "దరఖాస్తు ఇచ్చుడే అన్నట్టా?" అంది. ఇచ్చుడే అన్నాను.  నాతో మాట్లాడి వద్దని చెప్పమని మొగుడు పంపాడట. "నేను చెప్పిన అనుకో అక్క. నువ్వు ఇన్లే అనుకో" అని నవ్వింది.

బండి వచ్చింది. ఎక్కి కూర్చున్నాక నేను ఎప్పుడూ ప్లాట్‌ఫారం వైపు చూడను, అవతలి కిటికీ నుంచి పొలాలు చూస్తాను. బండి కదిలేటప్పుడు కింద నిలబడి చేతులూపే వాళ్లను చూడలేను. నా బిడ్డను మోర్తాడ్‌కు కాపురానికి పంపినప్పుడు కూడా బస్సు మలుపు తిరిగేదాకా నేల చూస్తూ నిలబడ్డాను. అది బాధపడింది, అమ్మ చూడనే లేదని ఇప్పటికీ అంటుంది. చూసిందే ఆఖరి చూపు అయిపోతుందేమోనని నా భయం. ఆయన వెళ్లిన రోజు మాత్రం చూశాను. తలుపు దగ్గర నిలబడి, చుట్ట వెలిగించుకోబోయి, అగ్గిపెట్టె నా చేతిలోనే ఉండిపోయిందని సైగ చేశాడు. ఇద్దామని నేను నాలుగడుగులు పరుగెత్తాను. అంతే.

ఆ ఏడు రెండు ఉత్తరాలు వచ్చాయి. ఎవరితోనో రాయించినవి. ఊళ్లో ఒకాయన చదివి చెప్పాడు, క్షేమం అని. ఒక పేజీ నిండా రాసి ఉంటే ఒక్క మాట చెప్పాడు. ఆ మిగతాదంతా ఏమిటో తెలుసుకోవాలని నేను అక్షరాలు పట్టుకున్నాను. బడి పని దొరికి రోజూ బండెక్కడం మొదలయ్యాక, స్టేషన్ల పేర్లు నాకు ముందే తెలుసు కాబట్టి బోర్డుల మీద వాటి ఆకారాలు చూసి ఏది 'డ', ఏది 'ప' అని పోల్చుకునేదాన్ని. తర్వాత బెల్లం చుట్టిన కాగితాలు, సినిమా పోస్టర్లు, పిల్లలు పారేసిన వాచకాలు. చదవడం వచ్చింది. రాయడం మాత్రం రాలేదు. రెండేళ్ల తర్వాత ఆ ఉత్తరాలు తీసి నేనే చదువుకున్నాను. నిజంగానే క్షేమం తప్ప అందులో పెద్దగా ఏమీ లేదు. వానలు, ధరలు, ఎవరికో దగ్గు. అయినా ప్రతి మాటా చదివాను.

నిజామాబాద్ నుంచి సత్యానందం సారు రోజూ అదే బండిలో వస్తారు. శక్కర్‌నగర్‌లో పిల్లలకు లెక్కలు చెబుతారు. పేపరు చదివిన పేజీ చదివినట్టు నాకు ఇస్తారు. ఆ రోజు డబ్బా అంతా ఓట్ల మాటలే. చెరుకు ఎప్పుడు కొట్టాలో చెప్పే కోత ఆర్డరు కోసం ఫ్యాక్టరీకి పోతున్న జానకంపేట రైతు భోజన్న, తన వార్డులో అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారని, తల్లి ఎవరికి ఓటేస్తుందో చెప్పకుండా కూతురింటికి పోయి కూర్చుందని చెబుతుంటే అందరూ నవ్వుతున్నారు. ఒకప్పుడు ఊరికి పెద్ద ఎవరో పుట్టుకతోనే తెలిసిపోయేది, ఎవరూ ఎవరినీ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు నాలాంటి దాని ఓటు కోసం కూడా రెండు గుంపులు గడపలోకి వస్తున్నాయి. అది మంచికే అనుకుంటాను. కాని అడగని కాలంలో నా ఇంటాయన ఎవరని కూడా ఎవరూ అడగలేదు.

సారుకు కాగితాలు ఇచ్చి సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, బండి ఊపుకు పెన్ను ఆపుకుంటూ, తహసీల్దారు గారి సముఖమునకు అని మొదలుపెట్టి, నా పేరు, ఊరు, నెంబరు రాసి, భర్త పేరు నర్సింలు అని తప్పుగా పడినది అని రాసి, నా భర్త పేరు అనే దగ్గర ఆగారు.

"చెప్పు ఎల్లవ్వా."

అప్పుడు గాని నాకు తట్టలేదు. పొద్దున లేస్తే ప్రపంచంలో ఉన్న భయాలన్నీ పడతాను. ఈ ఒక్కటి మాత్రం ముందుగా ఆలోచించలేదు. మా ఊరి మగవాళ్లు మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే సైకిళ్ల మీద పోతారు, డబ్బాలో ఒక్కరూ లేరు. సాయవ్వ వైపు చూశాను. సాయవ్వ నా వైపు చూసింది. ఆయన సాయవ్వకు బావ. మొగుడి అన్న పేరు ఆమె పలకకూడదు. పైగా ఆ పేరులో సగం ఆమె మొగుడి పేరే.

"నన్నేం సూస్తవు అక్క, నాకు రెండు దిక్కుల తాళమే" అంది సాయవ్వ.

భోజన్నకు సంగతి అర్థమై హుషారు పుట్టింది. మొదలు ఏముంటదో చెప్పు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు. ఊరు ఏలేటోడు ఎవడు అంది సాయవ్వ. సర్పంచ్ అన్నాడు. డబ్బా అంతా నవ్వింది. వెనకటి కాలంలో అంది. నిజామ్ సర్కారు అన్నాడు. మళ్లీ నవ్వు. కథల్లో ఉంటాడు చూడు అంటే, రాజు అన్నారు ఎవరో. సాయవ్వ తల ఊపింది. దాని వెనక లింబాద్రి గుట్ట దేవుడు అని నేను అన్నాను. సారు రాజనర్సింహులు అని రాసేశారు. చదివి తల అడ్డంగా ఊపాను. కొట్టేస్తే కచేరీలో ఒప్పుకోరని ఆయన రెండో కాగితం తీసి మళ్లీ మొదటి నుంచి రాశారు. ఆ లోపల డబ్బాలో తలా ఒక పేరు వేస్తున్నారు. రాజలింగం, రాజన్న, నర్సింగరావు. బల్లల మధ్య నేల మీద కూర్చున్నవాళ్లు కూడా. ఎవరూ చెడ్డగా అనలేదు. కాని ఆయన పేరు ముక్కలు ముక్కలుగా ఇంతమంది నోళ్లలో తిరుగుతుంటే నేను కొంగు చెవుల మీదికి లాక్కున్నాను.

"ఎన్నేండ్లాయె పోయి?" అన్నాడు భోజన్న. సాయవ్వ చెప్పింది. "పద్నాలుగేండ్లా? ఉన్నడో లేడో ఎర్క లేనోనికి ఆయుష్షు తగ్గుడేంది అవ్వా" అన్నాడు.

అతను హాస్యానికే అన్నాడు. వెంటనే నాలిక కరుచుకున్నాడు కూడా. 

ఆ మాట నాకు కొత్త కాదు. చదువుకున్నదాన్ని, పేరు పలికితే మనిషి పోడని పేపర్లు చదివేదానికి ఆ మాత్రం తెలియదా? కాని పద్నాలుగేళ్లుగా ఆయన కోసం నేను చేస్తున్నది అదొక్కటే. వండి పెట్టలేదు, జ్వరానికి తడిగుడ్డ వేయలేదు. పేరు పలకకుండా ఉన్నాను. ఎక్కడో బొంబాయిలో ఆయన ఇంకా దగ్గుతూ, చుట్ట కాలుస్తూ ఉన్నాడంటే, అందులో నా వంతు ఇంతే. ఈ రోజు పలికితే రేపటి నుంచి ఆయన గురించి ఏ చెడ్డ కబురు విన్నా అది నేను చేసిందే అవుతుంది.

"సారూ, ఇగ సాలు. గా జాగ ఖాలీగ ఇడ్వుండ్రి" అన్నాను.

"కచేరీలో అడుగుతారు ఎల్లవ్వా."

"అడగనియ్యిండ్రి."

సారు కాగితం మడిచి ఇచ్చి శక్కర్‌నగర్‌లో దిగిపోయారు. ఫ్యాక్టరీ గేటు దాకా చెరుకు బండ్ల వరుస. ఎడ్లు నిలబడే నెమరు వేస్తున్నాయి.  బోధన్‌లో దిగాక సాయవ్వ గంప నెత్తికెత్తుకోబోయి ఆగింది.

"నేనొస్త పా అక్క. బావ పేరు నేను చెప్త."

"నువ్వెట్ల చెప్తవే?"

"నోటితోనే చెప్త. పాపమైతే అయితది. గట్ల సవతి సవతి అని నిన్ను ఏడిపిచ్చిన దానికి సరిపాయె."

ఆమె ఆ మాట అంటుందని నేను అనుకోలేదు. ముప్పై ఏళ్లుగా ఒకే వాడలో ఉన్నాం. పాలకూర వాడిపోతుంది, అంగడికి పో అన్నాను. ఆమె కదల్లేదు.

"ఏదన్న అయితే నా నోటి మీదనే కావాలె సాయవ్వ" అన్నాను.

గంప ఆమె నెత్తికెత్తాను. ఆమె వెళ్లింది. ఈసారి వెళ్తున్న మనిషిని చూడకుండా ఉండాలని నాకు గుర్తు రాలేదు. అంగడి మలుపు దాకా గంప కనిపించింది.

బడిలో పెద్దమ్మగారు పదకొండున్నర దాకా సెలవిచ్చారు. కచేరీ పదిన్నరకు తెరిచారు. రామ్‌దాస్ అనే గుమాస్తా దగ్గర దరఖాస్తులు ఇవ్వాలన్నారు. నా ముందు ఆరుగురు, వెనక ఎనిమిదిమంది. ఒక్కొక్కరు ముందుకు జరుగుతుంటే నేను రెండుసార్లు వరుస వదిలి వెళ్లిపోదామనుకున్నాను. నర్సింలు అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది, కదిలిస్తే ఉన్నది కూడా పోతుందని.

రామ్‌దాస్ కాగితం పైనుంచి కిందికి చదివి, పెన్నుతో ఖాళీ మీద కొట్టాడు.

"ఇక్కడ జాగ ఇడిసిండ్రేంది? ఇంటాయన పేరు?"

 అతనికి ఇది కొత్త కాదనుకుంటాను. తల ఎత్తకుండానే, "చెప్పెటోళ్లు ఎవలన్న తోడొచ్చిండ్రా?" అన్నాడు.

"లేరు."

"మరి?"

"పేరు మార్చబోతే ఉన్న పేరు కొట్టేస్తరా సారూ?"

"కొట్టెయ్యరవ్వా. తప్పు తీసి సరైంది రాస్తరు. చెప్పు, ఎన్క మంది ఉన్నరు."

"రాజనర్సు" అన్నాను.

నా గొంతు నాకే వేరే ఎవరిదో అనిపించింది. లోపలి గదిలో టైపు మిషను కొడుతూనే ఉంది. నా వెనకాయన దగ్గాడు.

"రాజనర్సయ్యనా?"

"అయ్య లేదు. ఉత్త రాజనర్సు."

రెండోసారి అంత కష్టం కాలేదు. అందుకే సిగ్గేసింది. అతను రాశాడు. తలకిందులుగానే అయినా ఒక్కో అక్షరం చదివాను. సరిగ్గా ఉంది.

"ఉన్నడా ఆయన?" అన్నాడు, సిరా ఆరడానికి కాగితం మీద ఊదుతూ.

"బొంబాయి పోయిండు."

"ఎప్పుడు?"

"పద్నాలుగేండ్లయితది."

అతను అప్పుడు తల ఎత్తి నా మొహం చూశాడు. మళ్లీ కాగితం చూసుకున్నాడు. "ఈ జాగల పేరొక్కటే రాసుడు అవ్వా. ఉన్నడా లేడా అన్నది రాసుడు లేదు. పోయి బయట కూసో, రసీదు ఇస్తరు" అన్నాడు.

వరండాలో గోడకానుకుని కూర్చున్నాను.  ముగ్గురు నలుగురు రైతులు ఎండకు వీపులు పెట్టి చెరుకు రేటు మాట్లాడుకుంటున్నారు. ఈ పాటికి బడిలో మొదటి గంట అయి ఉంటుంది, కుండల్లో నీళ్లు ఎవరు పోశారో అనుకున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

చప్రాసి రసీదుల కట్టతో బయటికి వచ్చాడు. ఆడవాళ్ల కాగితమైనా ఇంట్లో మగవాడి పేరు పెట్టి పిలవడం అతనికి అలవాటనుకుంటాను. గుమ్మంలో నిలబడి, గేటు దాకా వినిపించేటట్టు పిలిచాడు.

"రాజనర్సు! రాజనర్సు ఎవలు?"

పద్నాలుగేళ్లలో ఆ పేరును అంత గట్టిగా ఎవరూ పిలవలేదు. నా తల గేటు వైపు తిరిగింది. గేటు దగ్గర ఒక సైకిలు, ఒక మేక, ఎండలో నడిచి వస్తున్న ఎవరో ముసలాయన. ఆయన దగ్గరికి వచ్చేదాకా చూశాను. వేరే ఎవరో.

"రాజనర్సు ఉన్నడా, పోయిండా?" అని చప్రాసి మళ్లీ పిలిచాడు.

నేను గోడ పట్టుకుని లేచాను.

"ఆయన రాలే. నేనొచ్చిన" అన్నాను. రసీదు కోసం చెయ్యి చాపాను.